పదమూడుమందిని ఎనిమిది స్ప్రైట్లలో ఇరికించడం

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇక్కడందరూ కులాసా. అమ్మ మోకాళ్లు నయమే, చిన్నాడి పరీక్షలైపోయాయి. ఇంతే కబుర్లు. అసలు సంగతి కడుపులో ఆగట్లేదు.

కొమొడోర్ 64 కంప్యూటర్ మీద రగ్బీ ఆట ప్రోగ్రాం రాస్తే, రగ్బీ రెండు రకాల్లో యూనియన్ తీసుకోవాలా, లీగా అన్నావు. లీగేరా, కళ్లు మూసుకుని! యూనియన్‌లోని రక్కులు, మాల్‌లు (బంతి కోసం గుంపుగా తోసుకోవడాలు), లైనౌట్లు (గీత బయటినుంచి వేసే బంతికి ఎగరడాలు) ఒక్క బటన్ జాయ్‌స్టిక్‌తో ఎవడాడతాడు? 1895లో విడిపోయిన లీగ్ వాళ్లు లైనౌట్ ఎత్తేశారు, 1906లో జట్టుని పదమూడుకి దించారు. టాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడం) పడ్డవాడు లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లిస్తాడు చూడు, అదీ అప్పుడే వచ్చింది. అక్కడ ఆట ఆగి సర్దుకుంటుంది, మన ప్రోగ్రాం ఊపిరి పీల్చుకుంటుంది. ఆరు టాకిళ్లయితే బంతి ఎదుటి జట్టుకి పోతుంది కదా, ఆ లెక్కకి ఒక్క బైటు చాలు.

మైదానం మాత్రం నిలువుగా పెట్టకు. తెర మీద ఒక స్కాన్ గీత (అడ్డ వరుస) మీద ఎనిమిది స్ప్రైట్లే (కదిలే చిన్న బొమ్మలు) కదా, డిఫెన్స్ లైను అడ్డంగా నిలబడితే తొమ్మిదోవాడు మాయం (మన అప్పారావు మాస్టారి హాజరుపట్టీలాగే!). అడ్డంగా స్క్రోల్ చెయ్యి. అప్పుడు డిఫెన్స్ పైనుంచి కిందికి పరుచుకుంటుంది. స్ప్రైట్ ఎత్తు 21 గీతలే, అవి గీశాక రాస్టర్ ఇంటరప్ట్‌లో (తెర గీత ఫలానా చోటికి రాగానే మన ప్రోగ్రాంని పిలిచే ఏర్పాటు) అదే స్ప్రైట్‌ని కింద మరొకడికి వాడుకోవచ్చు. టాకిల్ దగ్గర గుంపు చేరితే మళ్లీ ఎనిమిది దాటుతుంది, అందుకే పట్టేవాళ్లు ఇద్దరికి మించకూడదు, ఆ కుప్పంతా ఒకే స్ప్రైట్. మీటరుకి ఒక అక్షరం గడి, అంటే ఎనిమిది పిక్సెళ్లు. వంద మీటర్లకి రెండున్నర తెరలు. మెమరీలో 55296 దగ్గరున్న కలర్ ర్యామ్‌ని (గడుల రంగులుండే చోటు) వేరే చోటికి మార్చలేం కాబట్టి పచ్చిక బ్యాక్‌గ్రౌండ్ రంగు, గీతలన్నీ తెలుపు. అప్పుడు రంగులు జరిపే పనే లేదు.

ఇక పాస్! దీనికోసమేరా ఈ ఉత్తరం. బంతి ముందుకి వెయ్యకూడదు, సరే. కానీ దేన్నిబట్టి ముందుకి? నేలనిబట్టి చూశావో, ఆట చచ్చిపోతుంది. లెక్క చూడు: బంతి ఉన్నవాడు, అందుకునేవాడు ఇద్దరూ ఫ్రేముకి (తెర ఒకసారి గీసే కాలం) ఒకటిన్నర పిక్సెల్ ముందుకి ఉరుకుతున్నారు. అందుకునేవాడు ఎనిమిది పిక్సెళ్లు వెనక, 48 పిక్సెళ్లు పక్కన. బంతి పక్కకి ఫ్రేముకి మూడు చొప్పున 16 ఫ్రేముల్లో చేరుతుంది. ఆలోగా వాడు 24 ముందుకొస్తాడు. అంటే బంతి వదిలిన చోటికి 16 పిక్సెళ్లు ముందు పట్టుకున్నాడు! నేల లెక్కన ఈల. కానీ ముందుకి బంతి వేగం ఫ్రేముకి ఒకటే, వేసినవాడిది ఒకటిన్నర. చేతినుంచి చూస్తే వెనక్కే పోయింది, నిఖార్సైన పాస్. కాబట్టి బంతి వదిలే క్షణాన దాని వేగంలోంచి వేసినవాడి వేగం తీసెయ్యి. మిగిలింది ముందుకి చూపిస్తేనే ఈల. ఒక్క తీసివేత, అంతే! ఎంత అందంగా ఉందో చూశావా? భిన్నాలకి రెండో బైటు ఉంచు, లేకపోతే ఒకటిన్నర కాస్తా ఒకటైపోతుంది.

ఇంకోటి. టాకిల్ అయ్యాక డిఫెన్స్ పది మీటర్లు వెనక్కెళ్లాలి, అంటే 80 పిక్సెళ్లు, 53 ఫ్రేములు. బంతి దొర్లించడానికి 40 ఫ్రేములే ఇస్తే వాళ్లింకా 20 పిక్సెళ్లు దారిలోనే ఉంటారు. అసలు ఆటలో మజా అదే, దాన్ని సరిచెయ్యకు. ఎదుటివాడు జాయ్‌స్టిక్ కిందికి నొక్కి పడినవాణ్ణి కాసేపు తొక్కిపట్టొచ్చు. 60 ఫ్రేములు దాటితే పెనాల్టీ.

ఆటగాళ్లు గుద్దుకున్నారా అని తెలుసుకోవడానికి 53278ని (స్ప్రైట్లు తగిలితే చెప్పే మెమరీ చోటు) నమ్మకు. ఎవరెవరు తగిలారో చెబుతుంది, ఎవరికెవరు తగిలారో చెప్పదు. ఒక్కొక్కరి చుట్టూ పెట్టె ఊహించుకుని, అవి కలిశాయా అని చూసే లెక్కే గతి. ఇక కిక్... బంతి ఎత్తుకి వేరే వేరియబుల్, నీడ నేలమీదే, ఎక్స్ (స్ప్రైట్ అడ్డ స్థానం) 255 దాటితే తొమ్మిదో బిట్ 53264లో ఉంటుంది, కానీ ఎనిమిది స్ప్రైట్లకీ అదొక్కటే బైటు గనక ఇంటరప్ట్‌లో...

పోస్టు డబ్బా తీసే వేళైంది, మిగతాది తర్వాత. ఇలాచీ టీ బాకీ మర్చిపోకు.

నీ
రమణ