పక్షవాతానికి యాంటీఆక్సిడెంట్ మాత్రలు

సంపాదకులకు నమస్కారం.

పక్షవాతం వచ్చిన మా మామగారికి ఇక్కడి బంధువులు ప్రేమతో తెచ్చిచ్చినవాటిలో పండ్లకన్నా విటమిన్-ఇ మాత్రలే ఎక్కువ; అది ఫ్రీ రాడికల్స్ అనే హానికర అణువులను అడ్డుకునే యాంటీఆక్సిడెంట్ కదా అని వారి నమ్మకం. మూసుకుపోయిన రక్తనాళం తెరుచుకుని రక్తం మళ్లీ పారినప్పుడు ఫ్రీ రాడికల్స్ పెరిగి మెదడు కణాలను దెబ్బతీస్తాయన్నది నిజమే. కానీ ఆ నష్టాన్ని ఆపుతుందని ఎంతో ఆశ రేపిన ఎన్‌ఎక్స్‌వై-059 అనే మందు, మూడు వేల మందికి పైగా రోగులు పాల్గొన్న సెయింట్-2 అనే వైద్య పరీక్షలో ఉత్తుత్తి మందుకన్నా మెరుగనిపించుకోలేదని 2007లో తేలింది. ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకునేదిగా జపాన్ 2001లో ఆమోదించిన ఎడరవోన్ అనే మందు కూడా పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో ఆసుపత్రిలో నరానికి ఎక్కించేదే తప్ప దుకాణంలో కొనుక్కునే మాత్ర కాదు. రక్తనాళాన్ని మూసేసిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలైనప్పటి నుంచి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీ ఆరోగ్య పేజీలో మాత్రల కబుర్లకు బదులు ఆ గడువు గురించి, ఆ పైన చేయించాల్సిన ఫిజియోథెరపీ గురించి వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై