బీల ఒడ్డున కేబిన్, కారవాన్: ముందు చెమ్మ సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

సోంపేట బీల (చిత్తడి నేల) మొదలు బాహుదా నది మొగ, గోపాల్‌పూర్, చిలికా దక్షిణాన రంభ దాకా తోటల్లో చెక్క కేబిన్లు వేసి అద్దెకిద్దామని, కారవాన్లు, అంటే ఇల్లులా అమర్చిన బళ్లు, నిలుపుకోవడానికి చోటిద్దామని అనుకునే రైతులు పెరుగుతున్నారు. ఆలోచన మంచిదే. కాని వాళ్లు చూసొస్తున్న నమూనాలు అరకువో, హైదరాబాద్ శివారు ఫామ్‌హౌస్‌లవో. ఆ నేల వేరు, ఆ గాలి వేరు. అదే కేబిన్ ఇక్కడ వేస్తే రెండో వానాకాలానికి గది నేలచెక్క మెత్తబడి అడుగేస్తే ఊగుతుంది. నెపం ఉప్పుగాలి మీదకి పోతుంది. ఉప్పుగాలి మేకుల్ని తింటుంది, నిజమే. నేలచెక్కను తినేది మాత్రం ఏసీ.

ఆగస్టులో మన తీరాన ఎండ 32 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉండడం మామూలు. అలాంటి గాలి 28 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీటిబొట్లు కడుతుంది. గదిలో ఏసీని 20లో పెట్టి పడుకుంటే నేలకు వేసిన ప్లైవుడ్ కూడా చల్లబడుతుంది. కేబిన్ కింద ఆడే బీలగాలి దాని అడుగుభాగానికి తగిలి రాత్రంతా చెమటలా పడుతుంది. పైన అందానికి వినైల్ మ్యాట్ అంటించి ఉంటారు కనుక చెక్క పీల్చిన తడి పైకి ఆరే దారి లేదు. ఆ మ్యాట్ ఒక మూల ఎత్తి చూడండి: ప్లై పొరలు తడిసిన పుస్తకంలా ఉబ్బి విడిపోయి ఉంటాయి, వేలితో నొక్కితే దిగుతుంది, నల్లబూజు వాసన ముక్కుకి కొడుతుంది.

నేల దూలాల కింద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ ఫోమ్ బోర్డు (నీరు పీల్చని గట్టి నురగ పలక) కొట్టి, అతుకులన్నిటికీ అల్యూమినియం టేపు వేయాలి. ఏసీ 26కి తగ్గకుండా లాక్ చేసి సీలింగ్ ఫ్యాను పెట్టాలి. 26లోనూ చెమ్మ పడుతుంది, అందుకే ఫోమ్ తప్పదు. గోడల్లో తేమను ఆపే పొర బయటివైపు ఉండాలి. చలిదేశాల వీడియోలు చూసి లోపలివైపు ప్లాస్టిక్ షీటు కొడుతున్నారు. ఇక్కడ అది తిరగబడి, గోడ మధ్యలోనే నీళ్లు పడతాయి. ప్లై మీద ఐఎస్ 710 ముద్ర, అంటే మెరైన్ ప్లై గుర్తు, ఉందో లేదో చూసుకోండి. ఐఎస్ 303 ఎంఆర్ రకం, దుకాణంలో కమర్షియల్ ప్లై అనేది, ఈ తీరానికి పనికిరాదు. మంచి ప్లై అయినా నీరు తాగేది కోసిన అంచు నుంచే. బిగించే ముందే అంచులకు రెండు కోట్లు ఎపాక్సీ ప్రైమర్ పూయాలి.

సరుగుడు గుంజల్ని నేరుగా నేలలో పాతకండి, చెదలూ చెమ్మా కలిసి మొదలు తినేస్తాయి. మూరెడు ఎత్తు సిమెంటు దిమ్మ, దాని మీద జింకు పూత పట్టీ, అందులో ముదురు తాటి చేవ స్తంభం. స్తంభం అడుగుకీ దిమ్మకీ మధ్య అంగుళం సందు ఉంచాలి. చెట్ల మొదళ్ల మీద వాననీరు నిలిచిన చార ఉంటుంది. దానికి రెండడుగుల పైన, ఎట్లా చూసినా నేలకు మూడడుగుల ఎత్తున గది అడుగు రావాలి. ఫొటోకి బాగుంటుందని ఆ ఖాళీని తడకలతో మూసేస్తే గాలి ఆడదు, పెట్టిన ఖర్చంతా దండగ. బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కొనండి, కెరటాల తుంపర తగిలేచోట 304 కూడా మచ్చలు పడుతుంది. అల్యూమినియానికి స్టీలు బోల్టు బిగించేటప్పుడు నైలాన్ వాషర్ మరిస్తే బోల్టు బాగానే ఉంటుంది, చుట్టూ అల్యూమినియం తెల్లపొడిగా రాలుతుంది.

ఇక కారవాన్. బీల అంచున పచ్చగడ్డి చూసి బండి దించేస్తారు. పైన పెళ్ల గట్టిగానే ఉంటుంది, కింద రొంపి. గునపం చేత్తో గుచ్చితే జానెడు సునాయాసంగా దిగిందా, అక్కడికి బండి తీసుకెళ్లొద్దు. నాలుగు టన్నుల బండి బరువు నాలుగు జాకీల మీద పడితే ఒక్కోదానికి టన్ను. 15 సెంటీమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న పాదం కింద అది చదరపు సెంటీమీటరుకు 4 కిలోలకు పైమాటే, మెత్తటి బంకనేల అరకిలో కూడా మోయలేదు. అదే జాకీ కింద రెండడుగుల పొడవూ వెడల్పూ ఉన్న దళసరి పలక పెడితే చదరపు సెంటీమీటరుకు బరువు 0.3 కిలోలకు లోపే. స్టాండు కట్టేవాళ్లు బంకమన్ను మీద ముందు జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) పరిచి, ఆపైన 8 అంగుళాల గ్రావెల్ పోసి రోలరు తిప్పాలి. గుడ్డ లేకపోతే గ్రావెల్ ఏటేటా రొంపిలోకి దిగిపోతుంది. దిగబడిన బండి చక్రాలు తిప్పకండి, ఇంకా లోతుకి పోతుంది. దమ్ము చక్రాల ట్రాక్టరుతో ఛాసిస్ కొక్కేనికి పట్టా కట్టి లాగించండి, బంపరుకి కాదు.

కరెంటు సాకెట్లు నేలకి నాలుగడుగుల ఎత్తున, మూతతో, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) వెనక ఉండాలి. వంటగ్యాసు గాలికంటే బరువు కనుక సిలిండరు పెట్టే అర అడుగున చిల్లులు ఉంటాయి. వానలు తగ్గాక మట్టిగూళ్లు కట్టే కుమ్మరి పురుగులు వాటిని మట్టితో మూసేస్తాయి. వారానికోసారి పుల్లతో పొడిచి చూడాలి.

అందరూ మొహం తిప్పుకునేది మరుగుదొడ్డి విషయం. కారవాన్ మలం ట్యాంకు 80 లీటర్లదనుకుందాం. విదేశీ పుస్తకాలు కాగితం లెక్కన చెబుతాయి, మనం నీళ్లు వాడతాం. నలుగురు, రోజుకి అయిదేసి సార్లు, సారికి రెండున్నర లీటర్లు అంటే రోజుకి 50. రెండో రోజు సాయంత్రానికే నిండిపోతుంది. ఆ తర్వాత చీకట్లో వాల్వు విప్పి ఉప్పుటేట్లోకి వదలడమే జరుగుతోంది. వానల్లో బీల పక్క నేలలో నీళ్లు దాదాపు పైకే ఉంటాయి గనుక ఇంకుడు గుంత ఇంకదు, పక్క బోరులోకి పోతుంది. మూసిన ప్లాస్టిక్ ట్యాంకే దారి. దానికీ ఒక చిక్కుంది: 2000 లీటర్ల ఖాళీ ట్యాంకును చుట్టూ ఉన్న నీరు దాదాపు 2 టన్నుల బలంతో పైకి నెడుతుంది, పైపులు విరుచుకుని నేలపైకి తేలుతుంది. అడుగున కాంక్రీటు పలక పోసి పట్టీలతో కట్టాలి, దించిన రోజే నీళ్లు నింపాలి, వానాకాలంలో ట్యాంకరు పిలిచినా మొత్తం తోడించకూడదు.

కొబ్బరి చెట్ల కింద బండి పెట్టొద్దని ఉద్దానంలో ఎవరికీ చెప్పక్కర్లేదు, పట్నం నుంచి వచ్చేవాళ్లకి చెప్పాలి. పైకప్పు ఫ్యాను మూత మీద ఒక్క కాయ పడితే చాలు. రుషికుల్య మొగ దగ్గర ఫిబ్రవరి, మార్చిల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, 45, 50 రోజులకు పిల్లలు వస్తాయి. అన్నాళ్లూ సముద్రం వైపు వరండా దీపాలు ఆర్పేయాలి, వెలుతురుకి పిల్లలు దారితప్పి ఒడ్డు పైకి పాకుతాయి. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. అక్టోబరంతా ఒడ్డున కారవాన్ బుకింగులు తీసుకోకపోవడమే మేలు. ఇసుకలో గూటాలు కొట్టి కడితే అంత ఎత్తు బండి ఆగదు.

ఆంధ్ర, ఒడిశా రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలకు మా విన్నపం ఒక్కటే. కేబిన్లకు, కారవాన్ స్టాండ్లకు అనుమతిచ్చేముందు ప్లానులో ఈత కొలను ఉందా అని కాకుండా, మూసిన ట్యాంకు ఉందా, దాని దాకా ట్యాంకరు రావడానికి వానల్లోనూ దిగబడని దారి ఉందా అని చూడండి. బరంపురంలో మలవ్యర్థాల శుద్ధి కేంద్రం ఉంది, తోడినది తీసుకెళ్లి పోయడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు.

ఇట్లు,
కేబిన్ వడ్రంగులం, కారవాన్ పనివాళ్లం,
బరంపురం, గంజాం జిల్లా