ఫొటో చూసి పాత పత్రికలకు ధర చెప్పడం మానేశాం

విజయవాడ ఏలూరు రోడ్డులోని మా పాత పుస్తకాల షాపుకు వచ్చేవాళ్ళందరికీ నమస్కారం. ఈ నెల నుంచి వాట్సాప్‌లో ఫొటో చూసి ధర చెప్పడం మానేశాం. తప్పు నాదే కాబట్టి కారణం దాచకుండా చెప్తాను.

పోయిన నెల సత్యనారాయణపురం నుంచి ఒక రిటైర్డ్ టీచరుగారు ఫొటోలు పంపారు. భర్త దాచుకున్న యువ, జ్యోతి మాసపత్రికలు, మూడు కట్టలు. పైన వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రంతో యువ దీపావళి సంచిక కనపడేసరికి ఆగలేక ఎనిమిది వేలు ఇస్తానన్నాను. మర్నాడే ఆవిడ మనవణ్ణి వెంటబెట్టుకుని ఆటోలో వచ్చారు. తాడు విప్పితే పైనున్న నాలుగైదు తప్ప మిగతా వాటికి అట్టల్లేవు. దీపావళి సంచికలో నవల ఉన్న పేజీలన్నీ ఎవరో బ్లేడుతో నీటుగా కోశారు. తుప్పు పట్టిన పిన్నుల దగ్గర వేలెడు వెడల్పు కాగితం మాత్రం మిగిలింది. "రెండు వేలు మించి రావమ్మా" అన్నాను. "నీ మాట నమ్మి ఇంత దూరం మోసుకొచ్చాను కదా నాయనా" అన్నారావిడ. ఆటో డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందరూ అడిగేది "ఇది ఎంత పాతదండీ" అని. నేను ముందు చూసేది అట్ట. తరవాత మొదటి పేజీ నుంచి చివరిదాకా అంకెలు లెక్కపెడతాను. సీరియల్ పేజీలు విప్పి కుట్టుకోవడం, సినిమా పత్రికల్లో నడిమి రంగుల బొమ్మ గోడకు అంటించుకోవడం మన ఇళ్ళలో మామూలే. ప్రేమకొద్దీ చేసిన పని అది. కానీ ఆ ఒక్క కాగితం లేకపోతే సేకరించేవాళ్ళు సగం ధర కూడా పెట్టరు. పిన్నుల దగ్గర రెండు జతల కన్నాలు ఉంటే ఇంకో సంచిక అట్ట తెచ్చి తగిలించారేమోనని అనుమానించాలి. అట్ట మీది నెల, లోపలి పేజీలోని నెల కలుస్తున్నాయో లేదో చూస్తాం.

బైండు చేయించిన చందమామలు తెచ్చినవాళ్ళకు నిజం చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది. పిల్లల కోసం ఏడాది సంచికలు ఒక్కచోట ఉంచాలని తండ్రులు బైండు చేయించారు. బైండరేమో అట్టలు తీసేసి, మూడు పక్కలా అంచులు కోసేశాడు. పాత చందమామలు చాలావరకు స్కాన్లుగా నెట్‌లో దొరుకుతున్నాయి కాబట్టి కథల కోసం కొనేవాళ్ళు తగ్గారు. ఇప్పుడు అడిగేవాళ్ళకు ముందు బొమ్మ, వెనకట్ట మీది ప్రకటనతో సహా కొట్టుకు వచ్చిన రోజు ఎలా ఉందో అలా కావాలి. ఆ పత్రిక మొదలైంది 1947 జులైలో. తొలి రెండు మూడేళ్ళ సంచికలు మాత్రం అట్ట లేకపోయినా తీసుకురండి. 1980ల తరవాతి వారపత్రికలు లక్షల్లో అచ్చయ్యాయి. స్వాతి, ఆంధ్రజ్యోతి పుట్టిన ఊరు మనది, ఏ అటక దులిపినా రాలతాయి. వాటికి పెద్ద ధర ఆశపెట్టలేను.

1924 నుంచి 1991 దాకా నడిచిన భారతి లెక్క వేరు. దాన్ని అడిగేది ఎక్కువగా పరిశోధన చేసేవాళ్ళు. వాళ్ళకు కావాల్సిన వ్యాసం చెక్కుచెదరకుండా ఉంటే అట్ట చిరిగినా పట్టించుకోరు. రెండేళ్ళ కిందట నేను కిలోల లెక్కన కొన్న ఒక కట్టలో 1930ల నాటి భారతులు తొమ్మిది బయటపడ్డాయి. అమ్మిన పెద్దాయన గుంటూరు నుంచి వచ్చారు, నంబరు తీసుకోలేదు. అయ్యా, ఇది మీ కంటపడితే ఒక్కసారి రండి. మీకు ఇంకా డబ్బు రావాలి.

ఇకనుంచి కట్ట మీ ఎదురుగానే విప్పుతాం. ఒక్కో సంచికలో ఏం లేదో చీటీ రాసిస్తాం, అదే చీటీ కొనేవాళ్ళకూ చూపిస్తాం. మోసుకురాలేని పెద్దవాళ్ళ ఇంటికి ఆదివారాలు నేనే వస్తాను. లైబ్రరీ ముద్ర ఉన్నవి, వాళ్ళే తీసేసినట్టు రాసి ఉంటే తప్ప కొనం. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు తడిసిన పత్రికలు ఇంకా ఉంటే, నున్నటి కాగితం పేజీలు అతుక్కుపోయి ఉంటాయి, బలవంతంగా విడదీయకండి. విడిగా కవర్లో పెట్టి తెండి, బూజు మిగతా సరుక్కి అంటుకుంటుంది. చిరుగులకు సెల్లో టేపు వేయకండి. అది పసుపు మచ్చ అవుతుంది.

టీచరుగారికి ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. అటక మీద వాళ్ళాయన దారంతో కుట్టుకున్న నవలలు దొరికాయని చెప్పారు. కోసిన పేజీలన్నీ అందులో ఉన్నాయట. వాటిని సంచికల్లో తిరిగి పెట్టి, విడిగా కోసినవని చీటీలో రాస్తే రెండు వేల కంటే బాగానే వస్తుందని చెప్పాను. "ఆయన కుట్టినవి విప్పను నాయనా" అన్నారు. ఆ మూడు కట్టలూ ఆవిడ పేరుతో గల్లా పక్కన ఉన్నాయి. అడిగినవాళ్ళకు చూపిస్తాను.