‘పరిమితికి లోబడే ఉన్నాయి’ అంటే ఎవరి పరిమితి?

సంపాదకులకు నమస్కారం.

నదిలో చేపలు తెల్లగా పొట్టలు పైకి పెట్టి తేలితే మీ పత్రిక మొదటి పేజీలో ఫోటో వేస్తుంది. మర్నాడు ఎవరో వచ్చి సీసాలో నీళ్లు పట్టుకెళ్తారు, వారం పది రోజులకు ‘లోహాలు పరిమితికి లోబడే ఉన్నాయి’ అని లోపలి పేజీలో నాలుగు లైన్లు, ఇక కథ కంచికి. నా గొడవంతా ఆ నాలుగు లైన్ల మీదే.

ముందు రాగి సంగతి చూడండి. తాగే నీళ్లలో లీటరుకు 2 మిల్లీగ్రాముల వరకు రాగి ఉన్నా పర్లేదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే 2000 మైక్రోగ్రాములు. కోహో సాల్మన్ అనే చేపల పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో 2 నుంచి 20 మైక్రోగ్రాములకే, అదీ కొన్ని గంటల్లోనే, వాటి ముక్కు మొద్దుబారింది. మనకు పర్లేదన్న మోతాదులో నూరో వంతు కూడా అక్కర్లేదన్నమాట. ముక్కు పోతే ఏమైందిలే అనుకోకండి. చేప చర్మం చిట్లితే అందులోంచి ఒక వాసన నీళ్లలో కలుస్తుంది, అది తగలగానే చుట్టుపక్కల చేపపిల్లలు ప్రమాదమని కదలకుండా ఉండిపోతాయి. రాగి సోకిన పిల్లకు ఆ వాసన తెలీదు, తన మానాన తాను ఈదుతూ పోయి పెద్ద చేప నోట్లో పడుతుంది. ఫోటో తీయడానికి శవం కూడా మిగలదు.

నిజానికి ఒక్క రాత్రిలో వందల చేపలు తేలాయంటే చాలాసార్లు ఆక్సిజన్ అందక చచ్చినవే. లోహాలు ఎక్కువగా నెమ్మదిగా చంపుతాయి. కాడ్మియం అయితే మొప్పల్లో కాల్షియం వెళ్లే దారిలోనే దొంగలా దూరుతుంది, చేపకు కాల్షియం అందకుండా పోతుంది. నీళ్లలోనే కాల్షియం బాగా ఉంటే చేప కొంత తట్టుకుంటుంది, లేకపోతే అదే మోతాదు ప్రాణం తీస్తుంది, కాబట్టి అన్ని నదులకూ ఒకటే అంకె పట్టుకుని కూర్చుంటే లాభం లేదు.

ఇంకో విషయం, అసలు ఆ సీసాలోకి వచ్చిందెంత? సీసం, కాడ్మియం, పాదరసం చాలావరకు సన్న మట్టికి అంటుకుని అడుక్కి దిగిపోతాయి. మురుగైతే కొన్నాళ్లకు కుళ్లి పోతుంది గానీ లోహం ఎక్కడికి పోతుంది? ఎప్పుడో మూతపడ్డ గని వదిలింది కూడా వరదొచ్చి అడుగు కెలికితే మళ్లీ పైకి లేస్తుంది. ఆ బురదలో సన్నటి ఎర్ర పురుగులుంటాయి, కుట్టని ఒక రకం దోమల పిల్లలు. లోహాలు పేరుకున్న చోట్ల వాటిని మైక్రోస్కోపు కింద పెడితే నోటి పళ్లు వంకరపోయినవి, ఒకటో రెండో అసలే లేనివి కనిపిస్తుంటాయి. సీసాలో నీళ్లు చూస్తే ఇదంతా ఎలా తెలుస్తుంది?

పాదరసం మరీ మాయదారిది. బురదలోని బ్యాక్టీరియా దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది, అది చిన్న పురుగులోంచి చిన్న చేపకు, అక్కణ్ణుంచి పెద్ద చేపకు ఎక్కుతూ పోయి నీళ్లలో ఉన్నదానికి లక్షల రెట్లవుతుంది. కండలోనే పట్టుకుని ఉంటుంది కాబట్టి ఎంత కడిగినా, ఎంత ఉడికించినా పోదు. జపాన్‌లో 1956లో మినమాటాలో పాదరసం ఎక్కిన చేపలు తిన్నవాళ్లకు వచ్చే నరాల జబ్బు బయటపడింది, అయినా 1965లో అదే దేశంలో అగానో నది చేపలు తిన్నవాళ్లకు మళ్లీ వచ్చింది. 2015లో అమెరికాలో గోల్డ్ కింగ్ గని నీళ్లు పడి అనిమస్ నది నారింజ రంగులోకి మారితే ప్రపంచమంతా ఫోటోలు చూసింది. పాదరసానికి ఆ రంగు కూడా ఉండదు, ఎవరు చూస్తారు?

కాబట్టి ఈసారి చేపలు తేలినప్పుడు మీ విలేకరిని మూడు మాటలు అడగమనండి. అడుగు బురద తీశారా, చేపల కండ, కాలేయం పరీక్షకు పంపారా, పోల్చి చూసింది మనుషులు తాగే నీళ్ల పరిమితితోనా, జలచరాల పరిమితితోనా? జవాబు రాకపోతే ‘చెప్పలేదు’ అని రాయండి, లోపలి పేజీలో కాదు, ఆ మొదటి పేజీ ఫోటో కిందే.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు