దోస్తుకు, హన్మకొండ నుంచి

అరేయ్ దోస్త్,

కళ్లకు వెలుగు పడట్లేదని ఇంట్లో కూడా నల్లద్దాలు పెట్టుకుంటున్నావనీ, కిటికీలకు దుప్పట్లు కట్టావనీ మొన్న ఫోన్‌లో చెప్పావు కదా. అప్పటి నుంచి నా మనసు నీ దగ్గరే ఉంది. రెండేళ్ల కింద నేనూ అదే చేశాను రా, అందుకే ఇంత రాస్తున్నా.

పత్తి సీజన్‌లో మా ఎనుమాముల మార్కెట్ ఎట్లుంటుందో నువ్వు చూశావు. యార్డు నిండా తెలుపే. పది దాటితే ఎండ పత్తి మీద పడి కింది నుంచి కళ్లలోకి కొడుతుంది. టోపీ పెట్టుకున్నా పైనుంచి వచ్చే ఎండే ఆగుతుంది. కాంటా చీటీ మీద అంకెలు చదవాలంటే ఒక కన్ను మూసుకునేవాణ్ని. ఇంటికొస్తే ట్యూబ్‌లైటు కూడా సూదుల్లా గుచ్చేది. లైటు ఆర్పి అన్నం తింటుంటే చిన్నది "నాన్నా, కరెంటు పోయిందా?" అనడిగింది. ఆ రాత్రే డాక్టరుకు చూపించుకోవాలనుకున్నా.

డాక్టరమ్మ కింది రెప్ప లోపల సన్నటి కాగితం పెట్టి ఐదు నిమిషాలు కళ్లు మూసుకోమంది. తీసి చూస్తే నాలుగు మిల్లీమీటర్లే తడిసింది. కనీసం పది తడవాలట. కన్ను ఎండిపోయి, పైపొర ఒరుసుకుపోయి వెలుగు గుచ్చుతోందన్నమాట. మైగ్రేన్ ఉన్నవాళ్లకూ ఇట్లాగే వెలుగు గుచ్చుతుందట. ప్రిజర్వేటివ్ (పాడవకుండా కలిపే మందు) లేని చుక్కలు రాసిచ్చింది. ఫోన్ చూస్తున్నప్పుడు రెప్ప కొట్టడం మరిచిపోతాం, అది గుర్తుపెట్టుకొమ్మంది.

అసలు మాట ఇది: ఇంట్లో నల్లద్దాలు తీసెయ్. చీకటికి అలవాటు పడ్డ కంటికి మామూలు వెలుగు కూడా మంటలా తగులుతుంది. నేను కర్టెన్ రోజుకు బెత్తెడు జరిపాను. మొదటి వారం నీళ్లు కారాయి, పక్షం దాటాక ఓర్చుకోగలిగాను. ట్యూబ్‌లైటు కింద తప్పనిసరిగా కూర్చోవాల్సొస్తే లేత గులాబీ రంగు ఎఫ్‌ఎల్-41 అద్దాల గురించి డాక్టర్ని అడుగు. బయటికి మాత్రం పక్కల నుంచి వెలుగు దూరని, యూవీ ఆపే కళ్లజోడు పెట్టుకో. పోలరైజ్డ్ అద్దాలు చెరువు నీళ్ల మీద తళుకును బాగా తగ్గిస్తాయి, పత్తి మీద అంతగా కాదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, చూపు మసకబారితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లు. మెడికల్ షాపు చుక్కలతో నెట్టుకురాకు. జ్వరంతో మెడ పట్టేసి వెలుగు పడకపోతే అర్ధరాత్రైనా ఆస్పత్రికి పరిగెత్తు.

ఆదివారం బస్సెక్కి రా. ఐదింటికి ఎండ దిగాక భద్రకాళి బండ్ మీద నడుద్దాం. అద్దాలు జేబులో ఉంచుకో, గుచ్చితేనే తీద్దువు.

నీ దోస్త్