నాన్నకు, ఆ మూడు రోజుల పళ్ళ గురించి

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్‌లో మొదలుపెడితే మీరు "సర్లేమ్మా, అమ్మకిస్తున్నా" అని తప్పించుకుంటారు. అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో నవ్వుతూ నవ్వుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మీకు తెలియకుండానే పెట్టుకుని ఉంటారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కింది పళ్ళ సెట్టు మళ్ళీ డబ్బాలోకే వెళ్ళిపోయిందని తర్వాత అమ్మ చెప్పింది. పై సెట్టు బాగానే కూర్చుంటుందట, కిందిదే మాట్లాడుతుంటే లేచిపోతుందట, నాలుగు ముద్దలు నమిలేసరికి చిగురు ఒరుసుకుపోతుందట. మర్నాడు తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పళ్ళ క్లినిక్ వాళ్ళు మూడు రోజుల్లో కదలని పళ్ళు పెట్టేస్తామన్నారు. నువ్వు వచ్చేలోపు నాన్నకు అయిపోతుంది" అన్నాడు. సంతోషం వేసింది, వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

పళ్ళు పెట్టించుకోవద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. తప్పకుండా పెట్టించుకోండి. నేను వస్తున్నానని తొందరపడి పెట్టించుకోవద్దు, అంతే.

కింది సెట్టు నిలవకపోవడం మీ తప్పు కాదు, అలవాటు చేసుకోలేదని మిమ్మల్ని ఎవరూ అనకూడదు. పై సెట్టు అంగిలంతా పరుచుకుని, మధ్యలో గాలి లేకుండా అతుక్కుని నిలబడుతుంది. కిందిది గుర్రపు నాడాలా సన్నగా ఉంటుంది, దానికి పట్టు తక్కువ. పైగా నాలుక అస్తమానం దాన్ని లేపుతూనే ఉంటుంది. అన్నిటికీ మించి, పళ్ళు పోయాక దవడ ఎముకకు పని ఉండదు. పని లేని ఎముకను శరీరం నెమ్మదిగా కరిగించేస్తుంది. కింది దవడలో ఈ అరుగుదల పై దవడ కంటే చాలా ఎక్కువ. ఏళ్ళ కిందట మీ దవడకు కొలిచి చేసిన సెట్టు ఈరోజు దవడకు సరిపోదు.

ఇది నాకెలా తెలుసంటే, నా దవడలోనే చూశాను. కింది వరసలో రూట్ కెనాల్ చేయించుకున్న దవడ పన్ను విరిగిపోతే తీయించేశానని చెప్పాను కదా. వెనకాల పన్నే కదా, ఎవరికి కనిపిస్తుందని మూడేళ్ళు ఊరుకున్నాను. ఈలోగా పక్క పన్ను ఖాళీలోకి ఒరిగింది, పై పన్ను కిందికి దిగింది. మొదట వెళ్ళిన చోట మామూలు ఎక్స్‌రే ఒకటి చూసి, "రేపు రండి, స్క్రూ వేసేద్దాం" అన్నారు. స్క్రూ అంటే ఇంప్లాంట్, పోయిన పంటి వేరుకు బదులు ఎముకలో బిగించే టైటానియం మర. ఎందుకో మనసొప్పక ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ సీబీసీటీ స్కాన్ తీయించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెర మీద చూపించారు. మామూలు ఎక్స్‌రేలో ఎముక ఎత్తు తెలుస్తుంది కానీ మందం తెలియదు. స్కాన్‌లో దవడను అడ్డంగా కోసి చూపించినట్టు కనిపిస్తుంది. నా ఎముక పైభాగం కత్తి అంచులా సన్నబడిపోయింది. లోపల గుండ్రంగా చిన్న నల్లటి చుక్క ఉంది. "ఇది కింది పెదవికి స్పర్శనిచ్చే నరం వెళ్ళే దారి. స్క్రూ దీనికి తగిలితే పెదవి మొద్దుబారిపోవచ్చు" అన్నారు. ఆ చుక్కను చూశాక రేపే స్క్రూ వేస్తామన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ.

ముందు ఎముక పొడి పెట్టి అక్కడ ఎముక పెంచారు, తర్వాత స్క్రూ, ఆ తర్వాత క్యాప్. మొత్తం పదకొండు నెలలు పట్టింది. విరిగిన పన్ను తీయించినప్పుడే అడిగి ఉంటే ఇందులో సగం బాధ తప్పేది.

మీరు భయపడతారని ఆపరేషన్ సంగతి కూడా చెబుతాను. మత్తు ఇంజెక్షన్ దగ్గర చురుక్కుమంటుంది, ఆ తర్వాత నొప్పి లేదు. డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ తల లోపల గుర్రుమని చప్పుడు, చల్లటి సెలైన్ ధార. ఆ నీళ్ళు ఊరికే పోయరు. ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుంది, అందుకే ఆగి ఆగి, చల్లబరుస్తూ తొలుస్తారు. చివర్లో స్క్రూ బిగిస్తుంటే దవడంతా ఎవరో నొక్కుతున్నట్టు ఉంటుంది. పన్ను పీకించుకున్న రోజు పడ్డ బాధ కంటే ఇది తక్కువే. రెండు మూడు రోజులు బుగ్గ వాచింది, తగ్గిపోయింది.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది, మన కంటికి కనపడదు. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన కుందేలు ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూడటానికి టైటానియంతో చేసిన చిన్న పరికరం అమర్చాడు. పని అయ్యాక తీద్దామంటే రాలేదు, ఎముక దానికి అతుక్కుపోయింది. ఇంప్లాంట్లన్నీ అక్కడి నుంచి వచ్చినవే. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో పెట్టారు. ఆ మనిషి 2006లో చనిపోయేదాకా, నలభై ఏళ్ళకు పైగా, వాటితోనే నమిలాడు. ఇది చదివినప్పుడు నాకు మీరే గుర్తొచ్చారు.

ఆ అతుక్కోవడానికి టైమ్ కావాలి నాన్నా. స్క్రూ బిగించిన రోజు గట్టిగానే ఉంటుంది, కానీ అది గోడలో దిగిన మేకు పట్టు లాంటిదే. తర్వాత శరీరం దాని చుట్టూ నలిగిన పాత ఎముకను తీసేసి కొత్త ఎముక వేయడం మొదలుపెడుతుంది. పాతది పోయి కొత్తది ఇంకా గట్టిపడని ఆ మధ్యకాలంలో, అంటే రెండు నుంచి నాలుగు వారాల సమయంలో, పట్టు మొదటి రోజు కంటే తగ్గుతుంది. అప్పుడు స్క్రూ కదిలితే ఎముకకు బదులు మెత్తటి పొర పెరుగుతుంది, ఇక అది నిలవదు. అందుకే మామూలుగా కింది దవడలో మూడు నెలల వరకు, పైన ఇంకొంత ఎక్కువ ఆగుతారు.

తమ్ముడు విన్నది పూర్తిగా అబద్ధం కాదు. ఎముక గట్టిగా ఉండి, స్క్రూలు బాగా బిగిస్తే, వెంటనే పళ్ళు తగిలించే పద్ధతి నిజంగానే ఉంది. కానీ చాలామందికి అలా పెట్టేవి తాత్కాలికమైన పళ్ళు. లోపల ఎముక మాత్రం దాని నెలలు అది తీసుకుంటుంది, ఆ నెలల్లో మెత్తటివే తినాలి. మీకు అది కుదురుతుందో లేదో స్కాన్ చూసి, షుగర్ చూసి చెప్పాలి. ఫోన్‌లోనే మూడు రోజులని చెప్పేవాళ్ళకు మీ ఎముక గురించి ఏం తెలుసు?

నా మనసులో ఉన్నది ఒకటి చెబుతాను, ఆలోచించండి. మీకు కింద వరసంతా స్క్రూలు అక్కర్లేకపోవచ్చు. దవడ ముందు భాగంలో రెండే ఇంప్లాంట్లు వేసి, వాటి మీద మీ సెట్టు టిచ్ బటన్‌లా టక్కున పట్టుకునేలా చేస్తారు. ముందు భాగంలో ఎముక సాధారణంగా మిగిలే ఉంటుంది, నరం బెడద కూడా తక్కువ. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూర్చున్న నిపుణులు, కింద పళ్ళు పూర్తిగా లేనివాళ్ళకు మామూలు సెట్టు కాదు, ఈ రెండు ఇంప్లాంట్ల సెట్టునే మొదట ఇవ్వాలని చెప్పారు. రాత్రి తీసి కడుక్కోవచ్చు. లోపలి ప్లాస్టిక్ రింగులు అరిగితే మార్చాలి, అది చిన్న పనే. ఎక్కువ స్క్రూలు, ఎక్కువ కోత, ఎక్కువ ఖర్చు ఎందుకు, ఇది సరిపోతే? దీని గురించి అడిగి, వాళ్ళేమంటారో నాకు చెప్పండి.

రెండు విషయాలు మాత్రం మీ చేతిలో ఉన్నాయి. షుగర్ అదుపులో లేకపోతే గాయం త్వరగా మానదు, ఎముక సరిగా అతకదు. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి, ఆ రిపోర్టు పళ్ళ డాక్టర్‌కు చూపించండి. రక్తం పలచబడటానికి వేసుకునే మాత్ర గురించి కూడా చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు, గుండె డాక్టర్‌ను అడగాలి. రెండోది సిగరెట్. రోజుకు రెండే అంటారు. ఆ పొగకు చిగుళ్ళలో రక్తం సరిగా పారదు, ఇంప్లాంట్లు ఊడిపోయే అవకాశం పెరుగుతుంది. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు, ఈసారి వినండి నాన్నా. బతిమాలుతున్నాను.

పెట్టించుకున్నాక వదిలేస్తే కుదరదు. ఇంప్లాంట్ పుచ్చదు కానీ చుట్టూ చిగురు పాడవుతుంది, ఆ తర్వాత ఎముక దిగిపోతుంది. నొప్పి పెద్దగా తెలియదు కాబట్టి మనకు ఆలస్యంగా తెలుస్తుంది. నేను రోజూ రాత్రి సన్నటి బ్రష్‌తో క్యాప్ అంచు చుట్టూ శుభ్రం చేస్తాను. సొంత పంటి వేరు చుట్టూ మెత్తని నారలుంటాయి, చిన్న ఇసుక రేణువు తగిలినా అవే చెబుతాయి. ఇంప్లాంట్‌కు అవి లేవు. మొదటి వారం ఆ వైపు ఎంత గట్టిగా కొరుకుతున్నానో తెలిసేది కాదు. డాక్టరమ్మ నీలం కాగితం పెట్టి కొరికించి, మచ్చ పడ్డచోటల్లా అరగదీశారు. మూడుసార్లు వెళ్ళాల్సి వచ్చింది. ఇప్పుడు అది పెట్టుడు పన్నని గుర్తు కూడా రాదు.

స్కాన్ తీయించాక ఆ ఫైలు తమ్ముడితో నాకు పంపించండి. ఇక్కడి డాక్టరమ్మకు కూడా చూపిస్తాను, చూస్తానన్నారు. పెట్టిన ఇంప్లాంట్ ఏ కంపెనీది, ఏ సైజో రాసిన కార్డు తప్పకుండా అడిగి దాచుకోండి. పదేళ్ళ తర్వాత ఏదైనా వదులైతే దానికి సరిపోయే భాగం దొరకాలంటే అదే ఆధారం.

నేను వచ్చేసరికి మీ దవడలో స్క్రూలు మాత్రమే ఉండొచ్చు, పళ్ళు ఉండకపోవచ్చు. ఉండకపోనివ్వండి. నేను ఉన్న మూడు వారాల్లో మీకు చెకప్ పడితే నేనే వెంట వస్తాను, మీరు అడగడానికి మొహమాటపడేవన్నీ నేను అడుగుతాను.

మీ పెద్దమ్మాయి

అమ్మకు: ఎముకల బలానికి వారానికోసారి వేసుకునే నీ మాత్ర పేరు ఒక కాగితం మీద రాసి పెట్టుకో. నీకు కదులుతున్న ఆ పన్ను తీయించేముందు డాక్టర్‌కు ఆ కాగితం చూపించు. కొందరిలో ఆ మందు వల్ల దవడ ఎముక సరిగా మానదు. చాలా అరుదే, మాత్ర మానేయమనడం లేదు. చెప్పకుండా మాత్రం తీయించుకోకు.