వెనక కాచేవాడి గురించి కూడా రాయండి

సంపాదకులకు,

క్రీడాపేజీలో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ గురించి ఎప్పుడో నాలుగు ముక్కలు వచ్చినా, అవీ గోల్స్ కొట్టినవాళ్ల గురించే. అక్కడ గోల్‌కి 6 పాయింట్లు, గోల్ స్తంభానికీ దాని పక్క స్తంభానికీ నడుమ పోతే 1, దాన్ని ‘బిహైండ్’ అంటారు. కనీసం 15 మీటర్లు తన్నిన బంతిని గాల్లోనే ఒడిసిపడితే ‘మార్క్’. ఇక ఎవరూ అడ్డు రాకుండా తాపీగా తన్నుకోవచ్చు. అందుకే డిఫెండర్ పట్టు కుదరదనిపిస్తే పిడికిలితో గుద్ది బంతిని అంచుగీత వైపు పంపుతాడు. నేరుగా ముందుకు కొట్టాడా, కింద కాచుకున్న ప్రత్యర్థి పొట్టివాళ్లకి పండగే!

మన కబడ్డీలో రైడర్ని పట్టేయడమే డిఫెండర్ పని. అక్కడ గాల్లో బంతికోసం ఎగిరేవాడి చేయి లాగినా, వీపు మీద నెట్టినా ఫ్రీకిక్. 2009 నుంచి, ఒత్తిడి లేకుండా కావాలని బంతిని సొంత గోల్‌గీత దాటించినా అంతే.

ఈ ఉద్యోగానికి మోకాలే పెట్టుబడి. రిచ్‌మండ్ క్లబ్ ఫుల్‌బ్యాక్ (గోల్ ముందు కాచే ఆఖరి డిఫెండర్) అలెక్స్ రాన్స్ అయిదుసార్లు ఆల్ ఆస్ట్రేలియన్ జట్టుకి, అంటే ఆ ఏటి మేటి ఆటగాళ్ల జట్టుకి, ఎంపికయ్యాడు, 2017లో టైటిల్ గెలిచాడు. 2019 తొలి మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. అదే అతని 200వ మ్యాచ్, ఆఖరిది కూడా.

అన్నట్టు, 12.10 (82) అన్న స్కోరులో చుక్క దశాంశం కాదు. 12 గోల్స్, 10 బిహైండ్లు. దయచేసి అలాగే అచ్చువేయండి.

– వ్యాయామ ఉపాధ్యాయులు, విజయనగరం